దాళ్వా ఒబ్బిడి రోజుల్లో సాయంత్రం గాలివాన వస్తుందో రాదో ముందే తెలుసుకోవడం ఎలా?

మండపేట మాగాణి

నమస్కారం అండి. మండపేట, రామచంద్రపురం వైపు దాళ్వా (రబీ వరి) మాసూళ్లు మొదలవుతున్నాయి. మిషన్ కోత గింజ 22 నుంచి 25 శాతం తేమతో దిగుతుంది. కొనుగోలుకు 17 శాతానికి రావాలి. అంటే ఎండ బాగా కాసినా కళ్లంలో రెండు మూడు రోజులు ఆరబెట్టక తప్పదు. సరిగ్గా ఈ రోజుల్లోనే సాయంత్రం గాలివానలు దిగుతాయి.

ఫోన్‌లో వాతావరణం యాప్ ఏప్రిల్ మూడో వారం నుంచి రోజూ "40 శాతం వాన" అనే చూపిస్తుంది. దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోలేం. కావలసినవి రెండే. పొద్దున్న ఏడెనిమిది గంటలకు ధాన్యం పరచాలా వద్దా అన్నది ఒకటి. పరిచాక, మధ్యాహ్నం ఎప్పుడు రాశి చేసి బరకం (టార్పాలిన్) కప్పాలన్నది రెండోది. రంపచోడవరం వైపు రోజూ మబ్బు లేస్తుంది. కొన్ని రోజులు మన దాకా వస్తుంది, కొన్ని రోజులు రాజమండ్రి దాటకుండానే కరిగిపోతుంది. ఈ తేడా ఎక్కడ ఉంది? మచిలీపట్నం రాడార్ బొమ్మలు చూడడం వచ్చినవారు కాస్త వివరంగా చెప్పండి.

గోదారిగట్టు

మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్తాను. రాడార్ సంగతి తెలిసినవారు ఇక్కడ వేరే ఉన్నారు.

పొద్దున్న లేవగానే ముందు గాలి చూడండి. మన డెల్టాలో వేసవి వానలన్నీ పైరగాలికీ పడమటి గాలికీ మధ్య లాగులాటే. దక్షిణం, ఆగ్నేయం నుంచి వచ్చే పైరగాలి బంగాళాఖాతం తేమను మోసుకొస్తుంది. పడమటి గాలి దక్కన్ మీద కాగిన పొడిగాలి. ఈ రెండూ కలిసే గీతనే వాతావరణ శాఖ బులెటిన్లలో "ద్రోణి" అంటారు. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వైపు సాగే ఉత్తర దక్షిణ ద్రోణి అని రోజూ వినే మాట ఇదే. ఆ గీత తెలంగాణ మీద ఉంటే మనం దానికి తూర్పున, తేమ వైపు ఉంటాం. ఏజెన్సీ కొండల మీదా మెట్ట ప్రాంతంలోనూ మబ్బులు లేస్తాయి. అదే గీత తూర్పుకు జరిగి కోస్తా మీదికి వస్తే పడమటి గాలి కాకినాడ దాకా తోసుకొచ్చేస్తుంది. ఆ రోజు రాజమండ్రిలో వడగాడ్పు, ఆకాశంలో మబ్బుతునక ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలన్నీ ఇలాంటివే. ధాన్యానికి మాత్రం అంతకన్నా మంచి రోజులు లేవు.

గాలి చూశాక మచిలీపట్నం బెలూన్ లెక్క చూడాలి. పొద్దున్న 5:30 గంటల లెక్క కోసం వాతావరణ శాఖ అక్కడ బెలూన్ వదులుతుంది. అది పైకి పోతూ ఎత్తు ఎత్తుకూ వేడి, తేమ, గాలి కొలిచి పంపుతుంది. అమెరికాలోని వ్యోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లో స్టేషన్ నంబరు 43185 కొడితే పట్టిక వస్తుంది. విశాఖ అయితే 43150. మండపేటకు మచిలీపట్నమే దగ్గర. పట్టికలో అంకెలు చాలా ఉంటాయి, నాలుగు చోట్ల కన్ను వేస్తే చాలు.

తేమ మందం: 850 హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడి కొలత) వరుస, అంటే సుమారు కిలోమీటరున్నర ఎత్తు. అక్కడ డ్యూ పాయింట్ (గాలి ఎంత చల్లబడితే అందులోని తేమ నీరు కడుతుందో ఆ వేడి) 14 డిగ్రీలు, ఆపైన ఉంటే తేమ లోతుగా ఉన్నట్టు. నేల దగ్గర 25 ఉండి, 850 దగ్గర 4కో 5కో పడిపోతే ఆ తేమ పలుచటి పొర. పదకొండు గంటల ఎండకు పైన ఉన్న పొడిగాలి కిందికి కలిసిపోయి తేమ విరిగిపోతుంది. పొద్దున్న ఎంత ఉక్కపోసినా సాయంత్రం వాన రాని రోజులు ఎక్కువగా ఇవే.

మూత: అదే 850 దగ్గర వేడి ఎంత? ఇది అన్నిటికన్నా ముఖ్యం. నేల మీద 35 డిగ్రీల వేడి, 27 డ్యూ పాయింట్ ఉన్న గాలి పైకి లేస్తే కిలోమీటరు ఎత్తులో మబ్బు కడుతుంది. కిలోమీటరున్నర చేరేసరికి దాదాపు 23 డిగ్రీలకు చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి అక్కడ 22 ఉందనుకోండి, మన గాలి ఇంకా వెచ్చగా ఉన్నట్టే కాబట్టి పైకి దూసుకుపోతుంది. చుట్టూ 27 ఉంటే మన గాలి బరువై అక్కడే ఆగిపోతుంది. దక్కన్ మీద కాగిన గాలి మన తేమగాలి మీద మూత వేసినట్టు కూర్చోవడం అంటే ఇదే. పట్టికలో సిన్ అని ఉండే అంకె ఈ మూత బలాన్ని చెబుతుంది. మైనస్ 50 లోపు అయితే ఎండ వేడికే తెరుచుకోవచ్చు. మైనస్ 150 దాటితే కొండో, గాలుల కలయికో గట్టిగా తోస్తే తప్ప తెరుచుకోదు. అయితే అది తెల్లవారుజామున కొలిచిన మూత. ఎండెక్కేకొద్దీ బలహీనపడుతుంది కాబట్టి ఆ రోజు వచ్చే గరిష్ఠ వేడిని పెట్టి చూసుకోవాలి.

పైన చలి: 500 హెక్టోపాస్కల్, దాదాపు 5.8 కిలోమీటర్ల ఎత్తు. ఏప్రిల్, మే నెలల్లో మనకు అక్కడ మామూలుగా మైనస్ 5, మైనస్ 6 ఉంటుంది. మైనస్ 8 కానీ అంతకన్నా తక్కువ కానీ కనబడితే ఆ రోజు జాగ్రత్త.

పైగాలి: 700 (దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తు), 500 వరుసల్లో గాలి దిక్కు, వేగం. మబ్బును నడిపించేది ఈ గాలే. వాయవ్యం నుంచి 20, 25 నాట్లు ఉంటే ఏజెన్సీ మబ్బు మీ వైపు నడుస్తుంది. గాలి నీరసంగా ఉంటే లేచినచోటే కురిసి చచ్చిపోతుంది. ఒక నాటు గంటకు 1.85 కిలోమీటర్లు.

కేప్, అంటే గాలి పైకి లేవడానికి దొరికే శక్తి లెక్క, గురించి ఒక్క మాట. యాప్‌లలో ఎర్రగా కనబడే ఆ అంకె చూసి చాలామంది బెదిరిపోతారు. మే నెలలో మన డెల్టా మీద కేప్ 2500, 3500 ఉండడం మామూలే, ఎందుకంటే సముద్రం పక్కనే ఉంది. అది ట్యాంకులో పెట్రోలు లాంటిది. నిప్పు అంటించేవాడు లేకపోతే ఎంతున్నా ఒకటే. కేప్ చూసి బరకాలు కప్పితే మే నెలంతా కప్పుకునే ఉండాలి. మూత ఎంత, తోపు ఎక్కడ అన్నవి తేలాక కేప్ చూడండి. వాన లేస్తే ఎంత గట్టిగా లేస్తుందో అప్పుడది చెబుతుంది.

లంకగాలి

గోదారిగట్టు గారు చెప్పిన నాలుగూ సరే. రెండు విషయాలు చేరుస్తాను, రెండూ చాలామంది తప్పు చేసేవే.

ఒకటి, డ్యూ పాయింట్ లెక్క. ఇంట్లో గడియారంలా ఉండే తేమ మీటరు పెట్టుకున్నవాళ్లు "వంద లోంచి తేమ శాతం తీసేసి, అయిదుతో భాగించి, వచ్చినదాన్ని వేడిలోంచి తీసేయ్" అనే లెక్క వాడతారు. 34 డిగ్రీలు, 60 శాతం తేమ అయితే 26 వస్తుంది. అసలుది 25, పరవాలేదు. కానీ తేమ 50 శాతం కన్నా తగ్గితే ఈ లెక్క పనికిరాదు. 40 డిగ్రీలు, 30 శాతం తేమకు కూడా ఈ లెక్కలో 26 వస్తుంది. నిజానికి 19 మాత్రమే. అంటే పడమటి గాలి వీచే పొడి రోజును తేమ రోజు అనుకుని బరకాలు సర్దుకుంటారు. మధ్యాహ్నం పూట ఈ అడ్డలెక్క వద్దు, డ్యూ పాయింట్‌ను నేరుగా చూపే యాప్ వాడండి.

సరైన డ్యూ పాయింట్ దొరికితే దానితో ఇంకో పని ఉంది. నేల మీద వేడిలోంచి దాన్ని తీసేసి 125తో గుణించండి. మబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో వస్తుంది. 35, 27 అయితే వెయ్యి మీటర్లు. మబ్బు కిందగా ఉంటుంది, వాన దండిగా పడుతుంది, గాలి మరీ అంత ఉండదు. 40, 22 అయితే 2250 మీటర్లు. అంత ఎత్తునుంచి పడే చినుకు దారిలోనే పొడిగాలికి ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి ధబేలున నేలకు దిగి నాలుగు వైపులకూ పరుచుకుంటుంది. వాన నాలుగు చినుకులే, గాలి మాత్రం బరకం ఎగరగొట్టి పక్క చేలో పడేస్తుంది. అరటి తోటలు నేలకొరిగేది, మామిడి రాలేది ఇలాంటి సాయంత్రాల్లోనే. కాబట్టి "వాన తక్కువే" అన్న ముందస్తు మాటను "గాలి తక్కువే" అని చదువుకోకండి.

రెండోది, పట్టిక కింద కనబడే కె ఇండెక్స్. 35 దాటితే ఉరుముల వాన అని పాఠం. అందులో 700 హెక్టోపాస్కల్ దగ్గర తేమ కూడా కలిసి ఉంటుంది. మధ్యలో పొడిగాలి ఉన్న రోజు ఆ అంకె 30 దగ్గరే ఆగిపోతుంది. కానీ పైన చెప్పిన ఎండుగాలి దెబ్బ తగిలేది ఆ రోజే. విస్తారంగా వానలు పడతాయా అన్నదానికి కె ఇండెక్స్ మంచిదే, ఈదురుగాలికి దాన్ని నమ్ముకోవద్దు.

వడగళ్ల గురించి ఎవరూ అడగలేదు కానీ మామిడి వాళ్ల కోసం చెప్తున్నాను. వేసవిలో మనకు గడ్డకట్టే ఎత్తు దాదాపు 5 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. చిన్న వడగళ్లు కిందికి వచ్చేసరికి కరిగి పెద్ద చినుకులైపోతాయి. ఎత్తైన నేల ఉన్న తెలంగాణ కన్నా డెల్టాలో వడగళ్లు అరుదు అవడానికి ఇదొక కారణం. మార్చిలో పైన చలి ఎక్కువ ఉన్నప్పుడు మాత్రం వచ్చే వీలుంది.

మేఘమాల కాకినాడ

ఇక మధ్యాహ్నం సంగతి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా రాడార్ కన్నా ఉపగ్రహం బొమ్మ ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే వాన ఇంకా పుట్టలేదు. ఇన్సాట్ 3డీఆర్, 3డీఎస్ రెండూ అరగంటకోసారి బొమ్మ తీస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి వరస కలిపితే పావుగంటకో బొమ్మ దొరుకుతుంది. వాతావరణ శాఖ ర్యాపిడ్ పోర్టల్లో మామూలు వెలుగు బొమ్మ పెట్టుకుని కోనసీమను పెద్దది చేసి చూడండి. తీరం వెంబడి మబ్బులేని పట్టీ కనబడుతుంది. సముద్రపు గాలి లోపలికి వచ్చినంత మేర అది. ఆ పట్టీ లోపలి అంచున చిన్న చిన్న దూదిమబ్బులు గీత గీసినట్టు ఉంటాయి. సముద్రపు గాలి, నేల గాలి ఢీకొనే చోటు అదే. తోపు అక్కడే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ గీత అమలాపురం, రాజోలు దగ్గరే నిలబడిపోతే ఎదురుగా పడమటి గాలి బలంగా ఉన్నట్టు. రెండున్నరకు రావులపాలెం, మండపేట దాటి మెట్ట వైపు పోతే పైరగాలి గెలిచినట్టు. ఇప్పుడు మీ మూడో ప్రశ్నకు వద్దాం. సముద్రపు గాలి మీ ఊరు దాటి ముందుకు పోయిందంటే మీ నేల మీద గాలి చల్లబడిపోయింది. 38 ఉన్నది 33కు వస్తుంది. ఏజెన్సీలో లేచిన మబ్బు వేడి గాలిని తిని బతుకుతూ వచ్చి, రాజమండ్రి దాటాక ఈ చల్లగాలి మీద కాలు పెడుతుంది. కింద నుంచి ఎక్కే వేడి ఆగిపోతుంది. పైగాలి కూడా నీరసంగా ఉంటే అక్కడితో దాని పని అయిపోతుంది. మీరు చూసే "కరిగిపోయిన మబ్బు" ఎక్కువసార్లు ఇదే.

అదే మబ్బు చావకుండా మీ దాకా రావాలంటే రెండు దారులు. నేల దగ్గర దక్షిణపు గాలి, ఆరు కిలోమీటర్ల ఎత్తున వాయవ్యపు గాలి 30 నాట్లకు పైబడి ఉండి, రెంటికీ తేడా బాగా పెరిగితే మబ్బులు ఒక్కొక్కటిగా కాక వరసకట్టి వస్తాయి. ముందున్నది చచ్చేలోగా దాని చల్లగాలి తోపుకు పక్కన కొత్తది లేస్తుంది. ఇలాంటి వరస చల్లటి నేల మీద కూడా బతుకుతుంది. రెండో దారి, ఏజెన్సీ మబ్బు తోసిన చల్లగాలి అంచు దక్షిణానికి పాకి సముద్రపు గాలి గీతను ఢీకొట్టడం. అప్పుడు పాత మబ్బు రాకపోయినా సరిగ్గా ఢీకొన్నచోట కొత్త మబ్బు అరగంటలో నెత్తిమీద లేస్తుంది. డెల్టాలో చేతికి చిక్కని వాన ఇదొక్కటే. దీనికి గంట ముందు హెచ్చరిక అడిగినా ఎవరూ ఇవ్వలేరు. ఆ గీత మీ ఊరి మీద ఉండగా ఉత్తరాన రాడార్‌లో మబ్బు కనబడితే ఇక ఆగకుండా కప్పేయడమే.

రాడార్ చూసే పద్ధతి. మచిలీపట్నం రాడార్ నుంచి మండపేట సుమారు 115 కిలోమీటర్లు. అర డిగ్రీ కోణంలో వదిలిన కిరణం అంత దూరం పోయేసరికి నేల వంపు వల్ల 1.8 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. రంపచోడవరం మీద అయితే దాదాపు 2.8. అంటే కొండల మీద అప్పుడే మొదలైన వాన అడుగు భాగం ఈ రాడార్‌కు కనబడదు. రాడార్ ఖాళీగా ఉంది, ఉపగ్రహంలో మాత్రం తెల్లటి ముద్ద ఉంది అంటే ఉపగ్రహాన్నే నమ్మండి.

బొమ్మల్లో మ్యాక్స్ జెడ్ అనేది ఎక్కువగా చూస్తారు. నేల నుంచి పైదాకా ఎక్కడ బలమైన ప్రతిధ్వని ఉంటే దాన్ని చూపేది అది. మబ్బు కొనలు గాలికి సాగి 50 కిలోమీటర్ల దూరం పరుచుకున్నా అక్కడ వాన ఉన్నట్టే రంగు వేస్తుంది. 20, 25 డీబీజెడ్ (ప్రతిధ్వని బలం కొలత) రంగు చూసి కంగారు పడొద్దు. 40 దాటిన గడ్డను పట్టుకోండి. 45 పైన గట్టి వాన. 55 దాటి, పక్కనున్న ఎత్తు బొమ్మలో ఆ గడ్డ 8, 10 కిలోమీటర్ల దాకా ఎగబాకి ఉంటే వడగళ్లు, గాలి దెబ్బ రెండింటికీ సిద్ధపడాలి.

బొమ్మ మీద సమయం యూటీసీలో ఉంటే 5:30 గంటలు కలపాలి. ఇది మర్చిపోయి పాత బొమ్మ చూసి మోసపోయేవాళ్లు చాలామంది. ఇంకొకటి, వేసవి తెల్లవారుజామున సముద్రం మీదా తీరం వెంబడీ లేని వాన ఉన్నట్టు మచ్చలు కనబడతాయి. నేల దగ్గర చల్లటి తేమగాలి, దాని మీద వెచ్చటి పొడిగాలి ఉండడంతో కిరణం వంగి నేలనీ నీళ్లనీ తాకి వెనక్కి వస్తుంది. ఉపగ్రహంలో మబ్బు లేకపోతే ఆ మచ్చలు లెక్కలోకి తీసుకోవద్దు.

మండపేట మాగాణి

చాలా ఉపయోగంగా ఉందండి. రెండు సందేహాలు. విండీ యాప్‌లో యూరప్ వాళ్ల కంప్యూటర్ మోడల్ ఆరు గంటలకు మండపేట మీద వాన చూపిస్తుంది, అమెరికా మోడల్ జీఎఫ్ఎస్ అదే రోజు ఏమీ చూపించదు. ఏది నమ్మాలి? రెండోది, రాడార్‌లో గడ్డ ఎంత దగ్గరికి వస్తే కప్పడం మొదలుపెట్టాలి?

మేఘమాల కాకినాడ

మోడల్ సంగతి ముందు. మోడల్ నేలను గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి లెక్క కడుతుంది. యూరప్ మోడల్ గళ్లు 9 కిలోమీటర్లు, జీఎఫ్ఎస్ 13. వాతావరణ శాఖ 2025 మేలో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గళ్లు 6 కిలోమీటర్లు. ఉరుముల మబ్బు లోపల పైకెగసే గాలి స్తంభం కొన్ని కిలోమీటర్ల వెడల్పే. ఈ గళ్లలో అది సరిగా ఇమడదు. కాబట్టి ఏ మోడలైనా "మండపేట, ఆరు గంటలు" అని చెప్పినప్పుడు ఊరినీ గంటనూ పక్కన పెట్టేయండి. "ఉభయ గోదావరుల్లో ఎక్కడో ఒకచోట, సాయంత్రం" అన్నంత వరకే తీసుకోండి. మోడల్‌లో వాన మచ్చ కన్నా గాలి, తేమ నమ్మదగినవి. రెండు మోడళ్లు వాన దగ్గర తగువులాడితే మధ్యాహ్నం మూడింటికి 925 హెక్టోపాస్కల్ (ముప్పావు కిలోమీటరు ఎత్తు) గాలి, నేల డ్యూ పాయింట్ రెంటిలోనూ పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ బయటపడుతుంది. ఉదాహరణకు ఒకటి రాజమండ్రికి 26 డ్యూ పాయింట్ ఇచ్చి, రెండోది 19 ఇచ్చిందనుకోండి. పదకొండు గంటలకు నిజంగా ఎంత ఉందో చూడండి. నిజానికి దగ్గరగా ఉన్న మోడల్‌ను ఆ రోజుకు పట్టుకోండి. మర్నాడు మళ్లీ కొత్తగా పోల్చుకోవాలి. "ఎప్పుడూ యూరప్‌దే కరెక్టు" అనుకోవడం ఉరుముల వానల్లో పనికిరాదు.

దూరం లెక్క మీ పని వేగాన్ని బట్టి ఉంటుంది. పరిచిన ధాన్యాన్ని రాశి చేసి, బరకం కప్పి, అంచులు బిగించడానికి మీ మనుషులతో ఎంతసేపు పడుతుందో ఒకసారి కొలుచుకోండి. ముప్పావుగంట అనుకుందాం. దానికి అరగంట కలపండి, ఎందుకంటే వాన కన్నా ముందు గాలి వస్తుంది. మొత్తం గంటంపావు. గడ్డ ఎంత వేగంతో వస్తోందో రాడార్ బొమ్మలు రెండు పెట్టి తేల్చాలి. పది నిమిషాల తేడా ఉన్నవి వద్దు, కొలతలో పొరపాటు ఎక్కువ వస్తుంది. అరగంట తేడా ఉన్నవి తీసుకోండి. అరగంటలో 20 కిలోమీటర్లు జరిగితే గంటకు 40. గంటంపావుకు 50. కాబట్టి మీ ఊరు చుట్టూ 50 కిలోమీటర్ల గీత గీసుకోండి. వాయవ్యం, ఉత్తరం నుంచి వచ్చేదానికి గోకవరం దాదాపు ఆ గీత మీద పడుతుంది. పడమర నుంచి వచ్చేదానికి తాడేపల్లిగూడెం. 40 దాటిన గడ్డ మీ వైపు నడుస్తూ గోకవరం చేరిందంటే పని మొదలుపెట్టాలి. రంపచోడవరం మీద ఉండగా మీకు 65 కిలోమీటర్లు, గంటకు 35 వేగంతో అయితే రెండు గంటలకు కాస్త తక్కువ. అప్పటికి మనుషులను పిలిచి ఉంచుకుంటే చాలు.

రాడార్ పనిచేయని రోజు వస్తే వాతావరణ శాఖ మూడు గంటల తక్షణ హెచ్చరిక చూడండి. అది జిల్లా మొత్తానికి ఇస్తారు కాబట్టి ఊరికి వర్తించకపోవచ్చు. రంగుతో పాటు అందులో రాసిన గాలి వేగం చదవండి. గంటకు 41 నుంచి 61 కిలోమీటర్లు అంటే ఓ మోస్తరు. 62 నుంచి 87 అని ఉంటే అరటికి గెడలు కట్టినా ఆగడం కష్టం.

కళ్లం కబుర్లు

బరకం గురించి. గాలి వచ్చే దిక్కు ముందే తెలుస్తోంది కదా, వాయవ్యం. కాబట్టి రాశి పొడవు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఉండేలా చేయండి, గాలికి అడ్డంగా పెట్టొద్దు. రెండు బరకాలు కలిపి కప్పేటప్పుడు వాయవ్యం వైపుది పైన, ఆగ్నేయం వైపుది కింద ఉండాలి, కనీసం రెండు మూరల మేర ఒకదాని మీద ఒకటి పడాలి. తిరగేసి కప్పితే గాలి ఆ సందులో దూరి పైదాన్ని ఎత్తేస్తుంది. అంచులకు ఇటుక రాళ్లు సరిపోవు. సగం నింపిన ఇసుక బస్తాలు అడుగడుగునా పెట్టి, రాశి మీదుగా అడ్డంగా తాళ్లు లాగాలి. రాశి చుట్టూ జానెడు లోతు కాలువ తీసి పల్లానికి దారి ఇవ్వండి. చాలామంది పైనుంచి తడవకుండా కాపాడుకుని కింద నీరు చేరి పోగొట్టుకుంటారు.

వాన వెలిశాక తెల్లారేదాకా అలాగే వదిలేయకండి. 22 శాతం తేమ ఉన్న గింజ బరకం కింద ఆవిరి పట్టి వేడెక్కుతుంది, రంగు మారుతుంది. ఉరుములు పూర్తిగా ఆగాక చివర్లు ఎత్తి గాలి ఆడనివ్వాలి. రాశి తడిసిపోయి, మర్నాడు కూడా ఎండ లేకపోతే క్వింటాలు ధాన్యానికి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి. చేలో ఇంకా పనల మీద ఉండి తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు, అంటే అయిదు శాతం ద్రావణం, పనల మీద పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది. నీరు నిలిచిన మడిలో గట్టు తెగ్గొట్టి నీళ్లు తీసేయడం దీనికన్నా ముందు చేయాల్సిన పని.

లంకగాలి

ధాన్యం గురించి ఇంత మాట్లాడుకున్నాం, కప్పే మనుషుల గురించి కూడా చెప్పుకోవాలి. కళ్లంలో పిడుగు పడేది ఎక్కువగా ఈ చివరి పావుగంటలోనే, బరకం తాళ్లు బిగిస్తూ ఉండగా. వాన ఇంకా రాలేదు కదా అనుకుంటారు. పిడుగు వాన గడ్డకు పది కిలోమీటర్లు ముందు కూడా పడగలదు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని విపత్తు నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. ఒక్క రోజు ఉరుముల వానలు చేయగలిగిన పని అది.

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్లు అంటే 10 కిలోమీటర్లు. అంతకు తగ్గితే పని ఎక్కడున్నా ఆపి పక్కా ఇంట్లోకి పోవాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మీరున్నచోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పడుతున్న పిడుగులను చూపిస్తుంది. 40 కిలోమీటర్ల వలయంలోకి వచ్చేసరికి కప్పడం మొదలై ఉండాలి, 20లోకి వచ్చేసరికి పూర్తయి కళ్లంలో మనిషి ఉండకూడదు. పైన మేఘమాల గారు చెప్పిన 50 కిలోమీటర్ల గీత దీనికీ సరిపోతుంది.

చెట్టు కిందకు, ముఖ్యంగా కొబ్బరి చెట్టు కిందకు పోవద్దు. డెల్టా నేల బల్లపరుపు, చుట్టుపక్కల ఎత్తైనది అదే. రేకుల పాక, పైకప్పు లేని ట్రాక్టరు రక్షణ కాదు. అన్నివైపులా మూసి ఉండే కోత మిషన్ క్యాబిన్, కారు పరవాలేదు, తలుపులు వేసుకుని ఇనుము ముట్టుకోకుండా కూర్చోవాలి.

చెరువుగట్టు భీమవరం

రొయ్యల చెరువులవాళ్లు కూడా ఇదే లెక్క వాడుకోవచ్చు, చేసే పని మాత్రం వేరు. మచిలీపట్నం రాడార్‌కు భీమవరం 60 కిలోమీటర్ల లోపే, కాబట్టి కిరణం ఎత్తు మనకు ముప్పావు కిలోమీటరే. బొమ్మ మండపేట వాళ్లకన్నా నిక్కచ్చిగా ఉంటుంది. గడ్డ రెండు గంటల దూరంలో ఉండగానే జనరేటర్ డీజిల్ చూసుకుని, ఆ పూట మేత తగ్గించండి. ఉప్పునీటి మీద వాననీరు తేలికై పొరలా నిలబడుతుంది, కింది నీటికి గాలి అందదు. వాన పడుతుండగా పైనీరు పోయేలా తూము పైపలకలు తీసి, ఏరేటర్లు ఆపకుండా తిప్పాలి. కరెంటు సాధారణంగా గాలి దెబ్బకే పోతుంది, వాన దాకా ఆగదు. స్టార్టర్ దగ్గరికి ఉరుముల్లో తడికాళ్లతో పోకుండా ముందే జనరేటర్ మీదికి మార్చుకోండి.

మండపేట మాగాణి

అందరికీ ధన్యవాదాలండి. ఒక్కటే మిగిలింది. సాయంత్రం ఏమీ లేక రాత్రి పదకొండు, పన్నెండుకు వచ్చే వానల సంగతేమిటి? అప్పటికి నేల చల్లబడిపోయి ఉంటుంది కదా.

గోదారిగట్టు

అవి మన ఏజెన్సీవి కావండి. తెలంగాణ మీద మధ్యాహ్నం లేచి, పైగాలి బలంగా ఉండడంతో వరసకట్టి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా వచ్చేవి. కింద నేల చల్లబడినా పైన తేమ పొర ఇంకా వెచ్చగానే ఉంటుంది, వరస ముందు పరుగెత్తే చల్లగాలి దాన్ని తోసి ఎత్తుతుంది. అందుకని ఏడు గంటలకు ఆకాశం తేటగా ఉందని బరకం తీసి పడుకోకూడదు. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి రాడార్ తెరవండి. భద్రాచలం నుంచి మండపేటకు తిన్నగా 140 కిలోమీటర్లు. అప్పుడు అక్కడ 45 డీబీజెడ్ వరస గంటకు 40 వేగంతో ఆగ్నేయానికి నడుస్తుంటే మీకు పన్నెండున్నరకు వస్తుంది. ఆ వరస ముక్కలై, బొమ్మ బొమ్మకూ రంగు తగ్గుతూ ఉంటే పదిన్నరకు ఇంకోసారి చూసి పడుకోవచ్చు. తొమ్మిదింటికి గోదావరికి పడమర అంతా ఖాళీగా ఉంటే ఆ రాత్రికి ధాన్యం మీద బరకం మంచు కోసమే.